గవర్నర్ పదవి: ఎలా వస్తుంది, ఏం చేయాలి, ఎక్కడ గాడి తప్పుతుంది

అడిగిన ప్రశ్నలు నాలుగు: గవర్నర్ ఎలా అవుతారు, వచ్చాక రోజూ చేసే పనేమిటి, అసెంబ్లీ పాస్ చేసిన బిల్లును నిజంగా ఆపగలరా, పదవి అయిపోయాక ఏమవుతారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు రాజ్యాంగంలో 153 నుంచి 167 వరకు అధికరణలు కంఠతా పడతారు. అది అవసరమే. కానీ పదవి నడిచే తీరు అందులో సగమే కనబడుతుంది. మిగతా సగం రెండు సందర్భాల్లో బయటపడుతుంది: ముఖ్యమంత్రిని పిలవాల్సినప్పుడు, బిల్లు మీద సంతకం పెట్టాల్సినప్పుడు. మొదటి చోట తొందరపడీ, రెండో చోట నాన్చీ చెడ్డపేరు తెచ్చుకున్న గవర్నర్లే ఎక్కువ. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇస్తున్నాను.

ముందు నియామకం. దరఖాస్తు లేదు, ఎన్నిక లేదు, ఇంటర్వ్యూ అసలే లేదు. అర్హతలు రెండే: భారత పౌరసత్వం, 35 ఏళ్లు నిండి ఉండటం. పేరు కేంద్ర ప్రభుత్వంలో తేలుతుంది, 155వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి తన సంతకం, ముద్రతో నియామక పత్రం ఇస్తారు. ఎంపీగానో ఎమ్మెల్యేగానో ఉన్నవారిని వేస్తే, గవర్నర్‌గా బాధ్యతలు తీసుకున్న రోజు నుంచి ఆ సీటు ఖాళీ అయినట్టే. సొంత రాష్ట్రం వారిని వేయకూడదనీ, ముఖ్యమంత్రిని సంప్రదించాలనీ చాలామంది చట్టమనుకుంటారు. రెండూ ఆనవాయితీలే. 1988లో కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై నివేదిక ఇచ్చిన సర్కారియా కమిషన్ రెండింటినీ గట్టిగా సిఫారసు చేసింది. మొదటిదాన్ని దాదాపుగా పాటిస్తున్నారు, రెండోది చాలాసార్లు సమాచారం ఇవ్వడంతోనే సరిపోతోంది.

ఎవరెవరు వస్తారో చూడాలంటే మన రాజ్‌భవన్ జాబితా చాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి గవర్నర్ చందూలాల్ త్రివేది ఐసీఎస్ అధికారి. సి. రంగరాజన్ రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా చేసి వచ్చారు. ఈఎస్ఎల్ నరసింహన్ ఐపీఎస్, ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ అధిపతి. 2023లో వచ్చిన అబ్దుల్ నజీర్ సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి. మిగిలినవారిలో అత్యధికులు రాజకీయ నాయకులు. బయటి రాష్ట్రాలకు వెళ్లిన మనవాళ్లూ తక్కువేం కాదు. పట్టాభి సీతారామయ్య మధ్యప్రదేశ్‌కు, బూర్గుల రామకృష్ణారావు కేరళకూ ఉత్తరప్రదేశ్‌కూ, బెజవాడ గోపాలరెడ్డి ఉత్తరప్రదేశ్‌కు, రోశయ్య తమిళనాడుకు వెళ్లారు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసినప్పుడు అక్కడ గవర్నర్ మన బూర్గులే.

ప్రమాణం చేయించేది ఆ రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. వారు లేకపోతే అందుబాటులో ఉన్న సీనియర్ న్యాయమూర్తి. ముందు నియామక పత్రం చదువుతారు, తర్వాత 159వ అధికరణలోని ప్రమాణం. ఆ పాఠాన్ని మంత్రుల ప్రమాణంతో పోల్చి చూడండి. మంత్రి రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానంటారు. గవర్నర్ దాన్ని పరిరక్షిస్తాననీ, ఆ రాష్ట్ర ప్రజల సేవకు, శ్రేయస్సుకు అంకితమవుతాననీ అంటారు. కేంద్రం పేరు అందులో ఎక్కడా రాదు. గవర్నర్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాదని సుప్రీంకోర్టు 1979లో హరగోవింద్ పంత్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఢిల్లీ నుంచి ఫోను వచ్చినప్పుడు గుర్తుకు రావాల్సిన తీర్పు అది.

జీతం 2016 జనవరి 1 నుంచి నెలకు 3,50,000 రూపాయలు. నివాసానికి అద్దె లేదు. రెండు రాష్ట్రాల బాధ్యత చూసినా జీతం ఒక్కటే. ఆ ఖర్చును రెండు రాష్ట్రాల మధ్య ఎలా పంచాలో రాష్ట్రపతి నిర్ణయిస్తారు. పదవిలో ఉండగా జీతభత్యాలు తగ్గించడానికి వీల్లేదు. ఈ ఖర్చు రాష్ట్ర సంచిత నిధి (రాష్ట్ర ఖజానా) మీద నేరుగా పడుతుంది కాబట్టి అసెంబ్లీ దాన్ని చర్చించవచ్చుగానీ ఓటింగుకు పెట్టలేదు. రాజ్‌భవన్‌లో (2025 చివరి నుంచి లోక్‌భవన్ అనే పేరు వాడుకలోకి వస్తోంది) ఒక ఐఏఎస్ అధికారి గవర్నర్ కార్యదర్శిగా ఉంటారు. సాధారణంగా సైన్యం నుంచి ఒకరు, పోలీసు శాఖ నుంచి ఒకరు ఏడీసీలుగా (వెంట ఉండే సహాయక అధికారులుగా) ఉంటారు.

రోజువారీ పనంతా చదవడమే. బిల్లులు, ఆర్డినెన్సులు, జిల్లా జడ్జీల నియామకాలు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుల ఫైళ్లు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నియామకం, క్షమాభిక్ష అర్జీలు, చాన్సలర్ హోదాలో విశ్వవిద్యాలయాల కాగితాలు. వీటిలో అత్యధికం మంత్రిమండలి సలహా ప్రకారం సంతకం పెట్టాల్సినవే. 1974లో శంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రం ఖాయం చేసింది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. చాన్సలర్ పదవి రాజ్యాంగం ఇచ్చింది కాదు, రాష్ట్రం చేసిన విశ్వవిద్యాలయ చట్టం ఇచ్చింది. అసెంబ్లీ ఆ చట్టాన్ని మారిస్తే పోతుంది. అయితే అలా మార్చే బిల్లు మీద కూడా గవర్నర్ సంతకం కావాలి. గొడవ ముదిరేది అక్కడే. ఇక గవర్నర్ చేతిలో ఉన్న, ఎవరూ పెద్దగా వాడని మంచి పనిముట్టు 167వ అధికరణ. దాని కింద పాలన గురించిన సమాచారం ముఖ్యమంత్రిని అడగవచ్చు. ఒక్క మంత్రే తీసుకున్న నిర్ణయాన్ని మంత్రిమండలి ముందు పెట్టించవచ్చు. పత్రికల ముందు విమర్శించడంకంటే ఈ దారిలో ఒక లేఖ రాయడం ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

ఇప్పుడు తొందరపాటు సంగతి. 1984 ఆగస్టు తెలుగువాళ్లకు మరీ దగ్గరి ఉదాహరణ. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రోజుల్లోనే, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను రాజ్‌భవన్‌కు తీసుకెళ్లారు, తర్వాత ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. చివరికి రాంలాల్ వెళ్లిపోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. సరిగ్గా నెల రోజులు. ఇందులో తప్పులు రెండు, విడివిడిగా చూడాలి. మెజారిటీ పోయిందో లేదో సభలో తేల్చకుండా రాజ్‌భవన్‌లో తేల్చడం ఒకటి. కొత్త ముఖ్యమంత్రి బలం నిరూపించుకోవడానికి వారాల తరబడి గడువు దొరకడం రెండోది. గడువు పెరిగేకొద్దీ బేరాలు పెరుగుతాయి, శిబిరాలు వెలుస్తాయి. గడువు చిన్నదైతే లెక్క ఉన్నవాడే ముందుకొస్తాడు.

పదేళ్ల తర్వాత, 1994 మార్చి 11న బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం బలం తేలాల్సింది సభలోనే అని తేల్చిచెప్పింది. అయినా పాత అలవాటు పోలేదు. 2018 మేలో కర్ణాటక గవర్నర్ యడియూరప్పకు పదిహేను రోజులు ఇచ్చారు. సుప్రీంకోర్టు దాన్ని ఒక్క రోజుకు కుదించి 19వ తేదీనే పరీక్ష పెట్టమంది. ఓటింగు జరగకముందే ఆయన రాజీనామా చేశారు. 2019 నవంబరు 23న మహారాష్ట్రలో తెల్లవారుజామున రాష్ట్రపతి పాలన ఎత్తేసి ఉదయాన్నే దేవేంద్ర ఫడ్నవీస్‌తో ప్రమాణం చేయించారు. అక్కడా కోర్టు 26న తీర్పిచ్చి మరుసటి రోజే బలపరీక్ష జరపమంది, ప్రభుత్వం నాలుగు రోజులు కూడా నిలవలేదు.

ఎవరికీ మెజారిటీ రానప్పుడు ఎవరిని పిలవాలి? సర్కారియా చెప్పిన వరస ఇది. మొదట ఎన్నికలకు ముందే పొత్తు పెట్టుకున్న కూటమి. తర్వాత ఇతరుల మద్దతు చూపగలిగిన అతిపెద్ద పార్టీ. తర్వాత ఎన్నికలయ్యాక కలిసి, అందరూ ప్రభుత్వంలో చేరే కూటమి. చివరగా కొందరు చేరి, కొందరు బయటి నుంచి మద్దతిచ్చే కూటమి. అతిపెద్ద పార్టీకి నేరుగా హక్కేమీ లేదు, మద్దతు చూపాలి. మద్దతు లేఖలు పార్టీల నుంచి వచ్చాయా, ఒక్కొక్క ఎమ్మెల్యే నుంచి వచ్చాయా, ఒకే పేరు రెండు జాబితాల్లో ఉందా అని చూడటం గవర్నర్ పని. ఆ సంతకాలు ఎందుకు పెట్టారని ఆరా తీయడం ఆయన పని కాదు. తాత్కాలిక స్పీకర్‌ను నియమించేదీ గవర్నరే. సభలో ఎక్కువకాలం ఉన్నవారిని పెట్టే ఆనవాయితీ తప్పితే పరీక్ష మీద అనుమానం అక్కడే మొదలవుతుంది.

రెండో జబ్బు నాన్చుడు. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక బిల్లు వెంట నడవాలి. సభ ఆమోదించాక శాసనసభ సచివాలయం సవరణలన్నీ కలిపి పాఠాన్ని సరిచూస్తుంది, స్పీకర్ సంతకంతో ప్రతులు తయారవుతాయి. ద్రవ్య బిల్లయితే 199వ అధికరణ కింద స్పీకర్ ధ్రువీకరణ కూడా దాని మీదే ఉండాలి. అది లేకపోతే కాగితం వెనక్కి నడుస్తుంది. తర్వాత న్యాయశాఖ ద్వారా గవర్నర్ కార్యాలయానికి చేరుతుంది. అక్కడ చూడాల్సినవి ప్రధానంగా మూడు. ఈ అంశం మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానికి ఉందా? ఉమ్మడి జాబితాలోదైతే (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల అంశమైతే) కేంద్ర చట్టంతో తగాదా ఉందా? హైకోర్టు అధికారాలను తగ్గిస్తుందా? మూడోదానికి జవాబు అవునైతే రాష్ట్రపతికి పంపి తీరాలి. రెండోదానికి అవునైతే పంపడమే మేలు, ఎందుకంటే 254వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఆమోదం దొరికితేనే ఆ రాష్ట్రంలో రాష్ట్ర చట్టానిది పైచేయి అవుతుంది. మహిళలపై నేరాలకు కఠిన శిక్షలు పెట్టిన ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లు ఇక్కడే ఆగింది. నేరశిక్షలు, విచారణ గడువులు ఉమ్మడి జాబితాలోవి. 2019 డిసెంబరులో సభ ఆమోదించినా రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు, అది చట్టం కాలేదు.

200వ అధికరణ ఇచ్చే దారులు: ఆమోదించడం, ఆమోదం నిలిపి వీలైనంత త్వరగా సభకు తిప్పి పంపడం, రాష్ట్రపతికి పంపడం. ద్రవ్య బిల్లును తిప్పి పంపకూడదు. తిప్పి పంపిన బిల్లును సభ మార్చో మార్చకుండానో మళ్లీ ఆమోదిస్తే గవర్నర్ ఆమోదం నిలపలేరు. రాష్ట్రపతికి వెళ్లిన బిల్లు సంగతి వేరు. అక్కడి నుంచి తిరిగొస్తే సభ ఆరు నెలల్లో మళ్లీ ఆమోదించాలి, అప్పటికీ రాష్ట్రపతి సంతకం పెట్టి తీరాలని లేదు. అందుకే రాష్ట్రపతికి పంపడం అనేది బిల్లుకు చాలా బరువైన నిర్ణయం. ఊరికే చేయకూడదు.

రాజ్యాంగం 'వీలైనంత త్వరగా' అంది, రోజులు చెప్పలేదు. ఆ సందులోనే బిల్లులు ఏళ్లు గడిపాయి. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు పెండింగులో ఉన్నాయని సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్‌లో ఆ కేసు ముగిస్తూ కోర్టు ఆ మాటలకు రాజ్యాంగబద్ధమైన అర్థం ఉందని గుర్తుచేసింది. అదే ఏడాది నవంబరు 10న పంజాబ్ కేసులో, ఆమోదం నిలిపితే సభకు తిప్పి పంపాల్సిందే, బీరువాలో పెట్టుకోవడం కుదరదని చెప్పింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు నెల, మూడు నెలల గడువులు పెట్టి, పది బిల్లులు ఆమోదం పొందినట్టే అన్నారు. రాష్ట్రపతి పద్నాలుగు ప్రశ్నలతో కోర్టు అభిప్రాయం కోరారు. నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తులు జవాబిచ్చారు: గడువులు పెట్టే అధికారం కోర్టుకు లేదు, ఆమోదం దొరికినట్టే అని భావించడం కుదరదు. అయితే కారణం లేకుండా, అంతూపొంతూ లేకుండా జాప్యం చేస్తే ఏదో ఒక నిర్ణయం తీసుకోమని కోర్టు పరిమితంగా ఆదేశించవచ్చు. తిప్పి పంపకుండా ఊరికే ఆపడానికి వీల్లేదన్నది మాత్రం నిలిచింది. పాత గైడ్లలో ఏప్రిల్ తీర్పే ఆఖరిదని ఉంటే దిద్దుకోండి.

సభ పిలవడంలోనూ ఒక సాంకేతిక కీలకం ఉంది. ఏటా మొదటి సమావేశం గవర్నర్ ప్రసంగంతో మొదలవ్వాలి. కానీ 2022 మార్చిలో తెలంగాణ బడ్జెట్ సమావేశం ప్రసంగం లేకుండానే మొదలైంది. అంతకుముందు సమావేశాన్ని వాయిదా వేశారు తప్ప ప్రొరోగ్ చేయలేదు (లాంఛనంగా ముగించలేదు) కాబట్టి, ఇది పాతదాని కొనసాగింపే అన్నది ప్రభుత్వ వాదన. మరుసటి ఏడాది బడ్జెట్‌కు రాజ్‌భవన్ అనుమతి ఆలస్యమైందని ప్రభుత్వం హైకోర్టుకెక్కింది. అక్కడే రాజీ కుదిరి, ఫిబ్రవరి 3న గవర్నర్ ప్రసంగించారు. రెండు వైపులా నిబంధనలోని సందునే ఆయుధం చేసుకున్నారు. బాధ కలిగించే విషయం అది. ఆ ప్రసంగం ప్రభుత్వం రాసిచ్చేదే, నచ్చని పేరాలు వదిలేసే స్వేచ్ఛ గవర్నర్‌కు లేదు. మంత్రిమండలి సలహా లేకుండా సభను తన ఇష్టప్రకారం ముందుకు జరపడమూ కుదరదని 2016లో అరుణాచల్ కేసు తేల్చింది.

నామినేటెడ్ ఎమ్మెల్సీలు ఆంధ్రప్రదేశ్‌లో 58 మందిలో 8, తెలంగాణలో 40 మందిలో 6. సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సామాజిక సేవ అనే అయిదు రంగాలే ప్రాతిపదిక. మంత్రిమండలి పంపే పేర్లకు ఆ రంగంలో చేసిన పని వివరాలు జతచేయకపోతే వివాదం కొనితెచ్చుకున్నట్టే.

ఎవరూ మాట్లాడని పెద్ద బాధ్యత, రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే అయిదో షెడ్యూలు. రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలకూ ఇది వర్తిస్తుంది. పార్లమెంటు చట్టమో రాష్ట్ర చట్టమో అక్కడ వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో గవర్నర్ ప్రకటించవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో నిబంధనలు కూడా చేయవచ్చు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో నిబంధన ఈ అధికారంతో వచ్చినవే. ఏజెన్సీ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు నిలబడింది ఆ పునాది మీదే. దారి తప్పితే ఏమవుతుందో కూడా ఇక్కడే తెలిసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. గవర్నర్ వాడిన అయిదో పేరా మొదటి క్లాజుతో ఉన్న చట్టాన్ని మార్చవచ్చుగానీ కొత్త చట్టం చేయలేరనీ, నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమనీ అంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద రాష్ట్రపతికి గవర్నర్ ఏటా నివేదిక పంపాలి. ఒక గవర్నర్ పనితనం కొలవాలంటే నేను మొదట చూసేది ఆ నివేదిక ఎంత లోతుగా ఉందన్నదే.

పదవీకాలం అయిదేళ్లంటారు. దానికి ముందు 'రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం' అన్న మాట ఉంది. ఢిల్లీలో ప్రభుత్వం మారితే రాజ్‌భవన్లు కదిలేది అందుకే. 2004లో నలుగురు గవర్నర్లను తొలగించడంతో వచ్చిన సింఘాల్ కేసులో 2010 మేలో కోర్టు చెప్పిందేమిటంటే, కారణం బయటికి చెప్పక్కర్లేదు కానీ కారణం ఉండాలి, కేంద్రానికి నచ్చలేదన్నది కారణం కాదు. అయిదేళ్లు నిండినా కొత్తవారు వచ్చేదాకా పాతవారే కొనసాగుతారు. పదవిలో ఉండగా క్రిమినల్ కేసు నడవదు, వ్యక్తిగత విషయాల మీద సివిల్ దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

దిగాక రాజకీయాల్లోకి తిరిగి రావడానికి ఏ నిషేధమూ లేదు. మర్రి చెన్నారెడ్డి ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా చేసి వచ్చి రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు, మళ్లీ గవర్నర్‌గా వెళ్లి తమిళనాడులో పదవిలో ఉండగానే కన్నుమూశారు. తెలంగాణ గవర్నర్‌గా ఉన్న తమిళిసై 2024 మార్చిలో రాజీనామా చేసి నేరుగా లోక్‌సభకు పోటీ చేశారు. పైకి వెళ్లినవారూ ఉన్నారు. మూడు రాష్ట్రాల గవర్నర్‌గా చేసిన వి.వి. గిరి, 1984 సంక్షోభాన్ని దాటించిన శంకర్‌దయాళ్ శర్మ రాష్ట్రపతులయ్యారు. కృష్ణకాంత్ ఏడేళ్లు హైదరాబాద్ రాజ్‌భవన్‌లో ఉండి ఉపరాష్ట్రపతి అయ్యారు. వెంటనే తిరిగి పోటీకి దిగడం మీద కొంత విరామం ఉంటే మంచిదని నా గట్టి నమ్మకం. చివరి ఏడాది పెట్టిన ప్రతి సంతకం మీదా అనుమానం పడుతుంది.

ఖైదీ కుటుంబాలు తరచూ అడిగే మాట ఒకటి కూడా చేరుస్తాను. 161వ అధికరణ కింద క్షమాభిక్ష అర్జీ గవర్నర్ పేరునే రాయాలి. తీర్పుల ప్రతులు, ఎంతకాలం జైల్లో ఉన్నారో తెలిపే జైలు ధ్రువపత్రం, ఆరోగ్య కారణమైతే వైద్య పత్రాలు జతచేయాలి. అర్జీ హోంశాఖ ద్వారా పరిశీలనకు వెళ్లి మంత్రిమండలి సలహాతో తిరిగొస్తుంది, ఆ సలహాకు గవర్నర్ కట్టుబడాలి. రాజీవ్ గాంధీ హత్య కేసు ఖైదీ పేరరివాళన్ విషయంలో తమిళనాడు మంత్రిమండలి 2018 సెప్టెంబరులో విడుదలకు సిఫారసు చేసింది. ఫైలు రెండేళ్లకు పైగా రాజ్‌భవన్‌లోనే ఉండి, ఆ తర్వాత రాష్ట్రపతికి వెళ్లింది. 2022 మే 18న సుప్రీంకోర్టే 142వ అధికరణ కింద తనకున్న ప్రత్యేక అధికారంతో విడుదల చేయాల్సి వచ్చింది. కాబట్టి అర్జీ ఇచ్చిన తేదీ, ఫైలు నంబరు దగ్గర పెట్టుకోండి. మంత్రిమండలి సిఫారసు జరిగిందని తెలిశాక కూడా కదలకపోతే హైకోర్టులో రిట్ వేయడానికి ఆ రెండూ కావాలి.